గిట్ట గాయం

ఆవు నాలుక మీది తోలు అరచేతి వెడల్పున ఊడి చేతిలోకొస్తే దాన్ని గిట్ట గాయం అని ఎవరంటారు? లోకంలో ఎవరూ అనరు. తోడబుట్టిన తమ్ముడంటాడు.

అదీ మామూలు తమ్ముడు కాదు, పశువుల డాక్టరు. పొద్దున్నే అక్క ఫోన్ చేస్తే మొహం కూడా సరిగ్గా కడుక్కోకుండా మోటారు సైకిలెక్కి వచ్చాడు. కొట్టంలో ఆవులన్నీ తలలు వేలాడేసుకుని నిలబడ్డాయి. మూతుల నుంచి చొంగ తీగలు తీగలుగా నేలదాకా సాగుతోంది. ఒక కాలు దించితే ఇంకో కాలు ఎత్తుతున్నాయి. మూలన గోనెపట్టా కప్పి దూడను పడుకోబెట్టారు. నిన్నటిదాకా గంతులేసిన దూడ, తల్లి పొదుగు దగ్గర పాలు తాగుతూ తాగుతూనే కూలబడి చచ్చిపోయింది. దాని మూతి మీద పాల నురగ ఇంకా ఆరలేదు.

తమ్ముడు ఎర్రావు నోరు తెరిచి చూశాడు. నాలుక పట్టుకున్నాడు. తోలు ఊడి వచ్చింది. చెయ్యి కడుక్కున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, ఆవు చెవికున్న పసుపు బిళ్ళ మీద నంబరు చదివించాడు. ఆ నంబరు చదివిస్తే ఆవు పుట్టుపూర్వోత్తరాలన్నీ ఫోన్‌లోకి వస్తాయి. ఎప్పుడు కట్టింది, ఎప్పుడు ఈనింది, ఏ సూది ఎప్పుడు వేశారు, అన్నీ ఉంటాయి. కింద జబ్బుల పేర్ల జాబితా ఉంటుంది. డాక్టరు అందులో ఒకటి ఎంచుకుని నొక్కాలి. తమ్ముడి బొటనవేలు గబగబా కిందికి జారి ఒకచోట ఆగింది.

అక్క అతని భుజం మీంచి చూస్తోంది. ఆమెను ఇంట్లోనూ బయటా అందరూ పిడుగు అంటారు. చిన్నప్పుడు తండ్రి ముద్దుగా పెట్టిన పేరది. తండ్రి పోయాడు, ముద్దు పోయింది, పేరు మాత్రం నిలబడిపోయింది.

"ఏం నొక్కావురా?"

"గిట్ట గాయం అక్కా."

"దీనికి నోట్లో గిట్టలున్నాయా?"

తమ్ముడు ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు. పిడుగు ఎడమచేత్తో అతని మణికట్టు పట్టుకుంది. కుడిచేతికి కట్టు ఉంది. ఆ మధ్య ఒక ఆవు తన్నితే మణికట్టు బెణికి, ఇంకా వాపు దిగలేదు. అప్పట్నుంచీ పాలు పితకడానికి రోజూ పొద్దున్నే తల్లి వచ్చి వెళ్తోంది. ఇప్పుడు కూడా ఆవిడ కొట్టంలోనే పీట మీద కూర్చుని, పితకడానికి పాలేం లేక, ఖాళీ బకెట్టు మోకాళ్ళ మధ్య పెట్టుకుని చూస్తోంది.

"అక్కా, మెల్లగా మాట్లాడు," అన్నాడు తమ్ముడు. "నేను గాలికుంటు అని నొక్కాననుకో, ఆ క్షణమే పై ఆఫీసుకి తెలిసిపోతుంది. పాల కేంద్రానికి తెలుస్తుంది. చుట్టుపక్కల అందరి ఫోన్లూ మోగుతాయి. నీ పాలు ఎవరూ పట్టరు. నీ గేటులోంచి గొడ్డు కదలకూడదు, మనిషి కదలకూడదు. ఇదంతా నీకోసమే చేస్తున్నాను."

"నాకోసమా? నా దూడ చచ్చి అక్కడ పడుంది. దానికేం రాస్తావు? దానికీ గిట్ట గాయమేనా?"

తమ్ముడు నేల చూశాడు. "దానికి అజీర్ణం అని..."

పిడుగుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు చదివిన చదువుకి నిప్పెట్టా. పాలు తాగి చచ్చిపోయిన దూడకి అజీర్ణమా? నా కళ్ళముందే చెబుతున్నావురా ఈ మాట?"

భర్త గడ్డిమోపు దించి లోపలికి వచ్చాడు. ఆయన మనిషి నిదానం. పెళ్ళాం అరిచే ఇంట్లో మొగుడు నిదానంగా ఉండకపోతే గోడలు నిలవవని ఆయన సిద్ధాంతం. "ఏమే, ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి అన్నట్టు చేస్తావేం. అందరూ అలాగే రాయించుకుంటున్నారు కదా," అన్నాడు.

"అందరూ అంటే?"

ఆయన నాలిక కరుచుకున్నాడు. గడ్డిమోపు తాడు విప్పే పనిలో చాలా శ్రద్ధగా పడ్డాడు.

"అందరూ అంటే ఎవరండీ?"

ఆవులు మూతులు చప్పరిస్తున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. ఆ జబ్బులో ఆవులు అలాగే చప్పరిస్తాయి, నోట్లో పుండ్ల బాధకి. అప్పటికి పిడుగుకి అర్థమైంది, ఈ సంగతి కొట్టంలో ఉన్నవాళ్ళల్లో ఒక్క తనకే తెలియదని.

జరుగుతున్నది ఇది. ఈ అంటుజబ్బు వచ్చిన ఇంటి ఆసామి డాక్టర్ని పిలుస్తాడు. నోరు విప్పి ఏమీ అడగడు. అడిగితే తప్పు. ఆవు నోటిని ఒక చేత్తో మూసి పట్టుకుని, రెండో చేత్తో కాలెత్తి చూపిస్తాడు. "డాక్టరుగారూ, కొంచెం గిట్ట చూడండి" అంటాడు. డాక్టరు గిట్ట చూస్తాడు. నోరు తెరవమనడు. గిట్ట గాయం అని నొక్కి, పుండ్లకి మందిచ్చి, టీ తాగి పోతాడు. పాలు ఆగవు, ఎవరి ఫోనూ మోగదు. ఆసామి డాక్టర్ని బంగారం అంటాడు. ఇంటింటికీ బంగారమే. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత ఊరికే పుట్టలేదు. ఇక్కడ మొహమాటం ఒకడిది, కడుపు కోత ఇంకొకరిది.

పిడుగు చేసిన తప్పల్లా ఆవు నోరు మూసి పట్టుకోకపోవడమే.

"మార్చు," అంది.

"అక్కా..."

"మార్చి గాలికుంటు అని రాయి. లేకపోతే ఆ దూడని బండిలో వేసుకుపోయి మీ పై ఆఫీసు మెట్ల మీద దించి వస్తాను. అజీర్ణమో కాదో వాళ్ళే కోసి చూసుకుంటారు."

"పొద్దున్నే వాడి మీద పడతావేంటే," అంది తల్లి పీట మీంచి. "వాడు టీ నీళ్ళు కూడా తాగలేదు."

"నువ్వూరుకోమ్మా. ఈయనగారు టీ తాగేలోపు ఇంకో కొట్టంలో ఇంకో దూడ పోతుంది."

తమ్ముడు బావ వంక చూశాడు. బావ గడ్డిమోపు వంక చూశాడు. ఇక దిక్కులేక తమ్ముడు గాలికుంటు అని నొక్కాడు. నొక్కిన మరుక్షణం కొట్టంలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. భర్త లాల్చీ జేబులోది, తల్లి బొడ్లో దోపుకున్నది, దాణా బస్తా మీద ఉన్న పిడుగుది. గోడ అవతల ఎవరిదో మోగింది. దాని అవతల ఇంకెవరిదో.

పిడుగు చదివింది. గాలికుంటు వ్యాధి గుర్తించబడింది, పశువులను కదల్చరాదు, మొదటి కేసు ఫలానా వారి పశువుల కొట్టం అని. ఆ ఫలానా వారు తామే.

"మొదటి కేసేంటి?" అంది. "మనది మొదటిదేంటి?"

తమ్ముడు సమాధానం చెప్పేలోపు గేటు దగ్గర కేకలు మొదలయ్యాయి.

వచ్చింది మేడాయన. గోడ పక్క ఇల్లు ఆయనదే. ఈ వీధిలో మొట్టమొదట మేడ కట్టింది ఆయన గనక పేరలా పడిపోయింది. పాల బండి సగం దారిలోంచి వెనక్కి తిరిగిందని, ఆయన కుర్రాళ్ళు క్యాన్లు మోసుకుంటూ తిరిగి వచ్చారని, తువ్వాలు భుజం మార్చి భుజం మీద వేసుకుంటూ గేటు అవతలే నిలబడి అరిచాడు.

"నీ ఒక్కదాని మూలంగా వీధి వీధంతా నోట్లో మట్టి కొట్టుకోవాలా? నీకు జబ్బొస్తే నీ ఇంట్లో పెట్టుకో. అందరి ఫోన్లూ మోగించడమెందుకు?"

పిడుగు గేటు దాకా వెళ్ళింది. "పెద్దాయనా, మీ ఇంట్లో లేదా జబ్బు?"

"లేదు."

"మీ మచ్చలావు గోడ దగ్గర చొంగ కారుస్తూ నిలబడితే నేను చూశాను. ఏమైందంటే ఎండ దెబ్బన్నారు. మబ్బుపట్టిన రోజున."

"ఎండ దెబ్బని నేనన్నానేమో. ఫోన్‌లో గిట్ట గాయం అనుంది. చూసుకో. అది సర్కారు లెక్క. నీ మాటా నా మాటా కాదు. నమ్మకపోతే నీ వెనకాల నిలబడ్డాడుగా మీ తమ్ముడు, అడుగు."

పిడుగు వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే తమ్ముణ్ణి అక్కడే చీపురు తిరగేసి కొడుతుందని తెలుసు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు మేడాయన ఇంకాసేపు అరిచి, ఇంకో ఇద్దరు ముగ్గుర్ని పోగుచేసి, వాళ్ళ చేత కూడా నాలుగు మాటలనిపించి వెళ్ళాడు. ఆ వచ్చినవాళ్ళల్లో ఇద్దరి కొట్టాల్లో ఆవులు మూడు కాళ్ళ మీద నడుస్తున్న సంగతి వీధిలో అందరికీ తెలుసు. వాళ్ళే ఎక్కువ గొంతు చించుకున్నారు.

వాళ్ళు అరిచినందుకు కాదు పిడుగుకి అంత మంట. ఆమె మనసు కాలవ కింద వీధి మీద ఉంది. కాలవ నీళ్ళు ఈ వీధి వెనకనుంచి పారి ఆ వీధిలోకి దిగుతాయి. ఆ వీధిలో అందరివీ చిన్న చిన్న కొట్టాలు. ఒకటి రెండు ఆవులు, వాటి దూడలు. తల్లీ తమ్ముడూ ఉండేది కూడా ఆ వీధిలోనే. ఈ ఏడాది ఈనిన ఆవులన్నీ అక్కడే ఉన్నాయి. పెద్ద ఆవుకి ఈ జబ్బొస్తే మందులేస్తే తేరుకుంటుంది. పాలు తాగే దూడకొస్తే గుండె ఆగిపోతుంది. నురగ మూతితో పోతుంది, ఆ మూలనున్నది పోయినట్టే.

ఫోన్ సందేశం కింద ఒక నంబరు ఉంది. పిడుగు చేసింది. అవతల ఒక అమ్మాయి చాలా మర్యాదగా పలికింది.

"టీకాల బండి బయలుదేరుతోందమ్మా. మధ్యాహ్నానికి మీ దగ్గరుంటుంది. మీ చుట్టూ ఒక వలయం గీశాం. అందులో ఆరోగ్యంగా ఉన్న పశువులన్నిటికీ టీకా వేస్తారు."

"కాలవ కింద వీధికి కూడా వేస్తారా?"

అమ్మాయి ఏదో నొక్కిన చప్పుడయింది. "ఆ వీధి వలయం బయట ఉందమ్మా. అక్కడ కేసుల్లేవు."

పిడుగు ఫోన్ చేత్తో మూసి తమ్ముడి వైపు తిరిగింది. "కింద వీధిలో జబ్బుందా?"

తమ్ముడు తల ఊపాడు.

"ఉంది," అంది పిడుగు ఫోన్‌లోకి. "అక్కడా ఉంది."

"నాకిక్కడ కనపడ్డం లేదమ్మా. అక్కడన్నీ గిట్ట గాయాలే చూపిస్తున్నాయి. అసలు మీ ప్రాంతంలో గిట్ట గాయాలు చాలా ఎక్కువున్నాయమ్మా. దారిలో రాళ్ళేమైనా పోశారా? దానికి వేరే ఫిర్యాదు పెట్టుకోవచ్చు, నంబరు ఇవ్వమంటారా?"

"రాళ్ళు కాదమ్మా తల్లీ, ఇక్కడి ఆవులన్నీ బంతాట ఆడుతున్నాయి. బండిని కింద వీధికి పంపించు ముందు."

"ఉన్న టీకాలు వలయానికే సరిపోతాయమ్మా. రాసిన డాక్టరుగారే రికార్డు మారిస్తే వలయం దానంతటదే జరుగుతుంది. నా చేతిలో లేదు."

పిడుగు ఫోన్ పెట్టేసింది. ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. దాని కళ్ళకి ఏది చూపిస్తే అది చూస్తోంది. చూపించినవాడు ఇక్కడ, దాణా బస్తాకి ఆనుకుని నిలబడి, గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"తియ్యరా ఫోను. నీ గిట్ట గాయాలన్నీ తియ్యి. ఒక్కొక్కటే మార్చు."

"అన్నీనా?" అన్నాడు తమ్ముడు. "అక్కా, ఒకటి మారిస్తే పొరపాటంటారు. అన్నీ మారిస్తే పై ఆఫీసు ఊరుకోదు. నా ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ. నా కొట్టంలో పేడ ఎత్తుదువుగాని. ఆ పనిలో అబద్ధం ఆడ్డానికి వీలుండదు."

"అదేం మాటే," తల్లి పీట మీంచి లేచింది. "తోడబుట్టినవాడి కూడు తీసేస్తావా? వాడేం పాపం చేశాడు? ఎవరొచ్చి కాళ్ళావేళ్ళా పడితే వాళ్ళకి సాయం చేశాడు. మంచితనమే తప్పయిపోయిందా?"

"మంచితనమా? అమ్మా, ఆ మూలకెళ్ళి ఆ పట్టా ఎత్తి చూడు. ఈయన మంచితనం అక్కడ పడుకుని ఉంది. మేడాయన ఆవుకి జబ్బొచ్చిన రోజే నిజం రాసి ఉంటే నా ఆవులకి టీకా పడేది. కింద వీధికీ పడేది. ఈయన మేడాయన కళ్ళల్లో నీళ్ళు చూశాడు. నా దూడ కళ్ళు ఎవరు చూశారు?"

"చచ్చినదాన్ని పట్టుకుని బతికున్నవాణ్ణి చంపుతావా?" అంది తల్లి. "వద్దే. అక్కడితో వదిలెయ్యి. నీది రాశాడుగా. ఇక చాలు."

"ఏం చాలు? కింద వీధి దూడలు పోయినా నీకు ఫరవాలేదా? అది నీ వీధే కదమ్మా."

తల్లి మళ్ళీ పీట మీద కూలబడింది.

భర్త కల్పించుకున్నాడు. "బావమరిదీ, రాసెయ్యి. ఇది వదిలే మనిషి కాదు. నువ్వు రాయకపోతే మధ్యాహ్నం ఆ టీకాల బండికి అడ్డంగా పడుకుంటుంది, నేను లేపలేక చావాలి."

తమ్ముడు ఫోన్ తీశాడు. గిట్ట గాయాలన్నీ వరసగా వచ్చాయి, కొత్తవి పైన, పాతవి కింద. మొదటిది తెరిచాడు. జబ్బు పేరు మార్చాడు. ఎందుకు మారుస్తున్నారని ఫోన్ అడిగింది, పొరపాటు అని నొక్కబోయాడు.

"పొరపాటా?" అంది పిడుగు. "పొరపాటు ఒకసారి చేస్తారు. తెలిసే రాశానని చెప్పు."

"అలాంటిది ఇందులో లేదక్కా."

"లేకపోతే టైపు చెయ్యి. నీకు వేళ్ళున్నాయిగా."

ఇతరములు అన్నచోట నొక్కి, తెలిసే తప్పు రాశాను అని టైపు చేశాడు. ఒక్కో పేరూ చదువుతూ, ఒక్కోటీ మారుస్తూ పోయాడు. గేటు దగ్గర గొంతు చించుకున్న ఇద్దరూ అందులో ఉన్నారు. మేడాయన ఉన్నాడు. పేరు పేరుకీ పిడుగు ఒక తిట్టు తిట్టింది. ఏ తిట్టూ రెండోసారి వాడలేదు. మేడాయన పేరొచ్చినప్పుడు తిట్టిన తిట్టుకి భర్త గడ్డిమోపులోంచి తలెత్తి, ఇది ఎక్కడ నేర్చుకుంది అన్నట్టు చూశాడు. కాలవ కింద వీధిలో ఒకటి వచ్చింది. ఇంకోటి వచ్చింది. ఎక్కడో ఒక పటంలో వలయం కొంచెం కొంచెంగా కాలవ వైపు జరుగుతోందని పిడుగుకి తెలుస్తోంది. కోపంలో కూడా కొంచెం ప్రాణం కుదుటపడింది.

అడుగున ఒక్కటి మిగిలింది. తమ్ముడు దాన్ని తెరవలేదు. ఫోన్ దాణా బస్తా మీద బోర్లా పెట్టి చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"అయిపోయినట్టే అక్కా. అది పాతది. దాంతో పని లేదు."

"పాతదైతే అదే మొదటిది. జబ్బు ఎక్కడ పుట్టిందో అదే చెబుతుంది. చదువు."

"ఎందుకక్కా..."

"ఎవడు వాడు? అంత పెద్దమనిషా? మేడాయన పేరే చదివినవాడివి, ఆ పేరు చదవడానికి నోరు రావడం లేదా? ఆ మొదటివాడి పేరు చెప్పరా. వాడి గుమ్మంలోకెళ్ళి, వాడి కుటుంబమంతా వినేలా కడిగేసి వస్తాను. నా దూడ ఉసురు వాడికి తగలాలి."

"అది నాదే," అంది తల్లి.

కొట్టంలో అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఖాళీ బకెట్టు ఇంకా ఆవిడ మోకాళ్ళ మధ్యే ఉంది.

"మన పెద్దావుకే ముందొచ్చింది," అంది తల్లి. "సంతనుంచి ఎవరిదో ఆవు కాలవ గట్టు మీద ఆగితే ఇదెళ్ళి దాని పక్కన మేసింది. నీ తమ్ముడు చూసి గాలికుంటన్నాడు. నేనే వద్దన్నాను. డాక్టరు ఇంట్లోనే జబ్బు పుట్టిందంటే పరువేం కావాలి, గిట్ట అని రాయరా అన్నాను. తర్వాత వీధిలో ఇంకొకరికి వచ్చింది. మీ అమ్మకి రాశావుగా, నాకూ రాయమన్నారు. కాదంటాడా వాడు?"

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంటి దొంగ రోజూ పొద్దున్నే వచ్చి, తన ఆవుల పొదుగులు తడిమిన చేతుల్తోనే పిడుగు ఆవుల పొదుగులు తడిమి వెళ్ళింది.

"జబ్బు ఇంట్లో పెట్టుకుని నా కొట్టంలోకి వచ్చావా?" పిడుగు గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. అరుపు రాలేదు.

"చేతులు సబ్బుతో కడుక్కుని వెళ్ళమన్నానక్కా," అన్నాడు తమ్ముడు.

"కడుక్కునే వచ్చాను," అంది తల్లి. "మోచేతుల దాకా కడుక్కున్నాను."

"చెప్పులో?"

తల్లి తన కాళ్ళ వైపు చూసుకుంది. రెండు కొట్టాల పేడా తొక్కిన చెప్పులవి.

"నా చెయ్యి నొప్పైతే ఎవర్నో ఒకర్ని పెట్టుకుని పితికించుకునేదాన్ని. నువ్వు ఒంట్లో బాగాలేదని చెప్పి మానెయ్యాల్సింది. ఎందుకొచ్చావమ్మా?"

"రాకపోతే ఎందుకు రాలేదంటావు. ఒంట్లో బాగాలేదంటే పరిగెత్తుకుని ఇంటికొస్తావు. వస్తే ఆవుని చూస్తావు. చూస్తే..." తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చూస్తే ఊరుకుంటావా? ఇల్లు పీకి పందిరేస్తావు. నీ నోటికి జడిసి వచ్చానే. రోజూ గేటు దగ్గర నిలబడి, ఇవాళైనా చెబుదాం అనుకునేదాన్ని. నీ మొహం చూసేసరికి నోరు వచ్చేది కాదు."

పిడుగు నిలబడ్డచోటే నిలబడిపోయింది. ఆమెకి కోపం తగ్గలేదు. తగ్గితే బాగుండేది. తల్లి మీద కోపం, తమ్ముడి మీద కోపం, తెలిసీ నోరు మెదపని మొగుడి మీద కోపం, ఇంతమంది తనకి జడిసి తన కొట్టంలోకే చావుని నడిపించుకొచ్చినందుకు తన మీద తనకి కోపం. ఎవరి మీద ముందు పడాలో తెలియలేదు. ఎవడి గుమ్మంలోకెళ్ళి కడిగేసి వస్తానందో ఆ గుమ్మంలోనే పుట్టి పెరిగింది తను.

"మార్చు," అంది తమ్ముడితో.

"అమ్మదా?"

"అమ్మదే. మొదటి కేసు అమ్మది. అలాగే రాయి."

"అక్కా, అందరూ అమ్మనంటారు. మేడాయన అమ్మ గుమ్మం ముందుకెళ్ళి అరుస్తాడు."

"అరవనీ. నేనున్నాగా. మేడాయనకి నేను చాలు. అది మారిస్తేనే వలయంలో కింద వీధంతా పడుతుందని నీకు తెలీదా? రాయరా."

తమ్ముడు ఫోన్ ఎత్తి, తెరిచి, మార్చాడు. ఇతరములు అన్నచోట ఏం టైపు చేశాడో పిడుగు చూడలేదు. తల్లి బొడ్లో ఫోన్ మళ్ళీ మోగింది. ఆవిడ తీసి, కళ్ళకి దూరంగా పెట్టుకుని, మొదటి కేసు అన్నచోట తన పేరు చదువుకుని, మళ్ళీ బొడ్లో దోపుకుంది.

కాసేపటికి తమ్ముడికి పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. అవతలివాళ్ళు ఏమన్నారో గాని, అవునండీ, అవునండీ, వచ్చి కలుస్తానండీ అని మూడు ముక్కలే మాట్లాడాడు. పెట్టేశాక చెప్పాడు. టీకాల బండి దారి మారింది. ముందు కాలవ కింద వీధికి వెళ్తుంది, దూడలున్న ఇళ్ళకి ముందు వేస్తారు. ఉద్యోగం సంగతి రేపు మాట్లాడతామన్నారట.

"నేను పోతానే," తల్లి లేచింది. "ఇంటి దగ్గర పెద్దావుకి కుడితి పెట్టాలి."

"పోవడానికి లేదమ్మా," అన్నాడు తమ్ముడు. "ఈ గేటులోంచి మనుషులెవరూ కదలకూడదు. నాకైతే మందు నీళ్ళల్లో బూట్లు ముంచుకుని పోయే పర్మిషనుంది. నిషేధం ఎత్తేసేదాకా నువ్వు ఇక్కడే ఉండాలి."

"ఇక్కడా?" తల్లి కూతురి వైపు చూసింది. "దీంతోనా?"

భర్తకి నవ్వొచ్చింది. పెళ్ళాం మొహం చూసి మింగేశాడు.

ఆ మింగడం పిడుగు చూసింది. ఎన్నేళ్ళుగానో చూస్తూనే ఉంది, ఇవాళ మాత్రం ఆగి చూసింది. ఆయన నవ్వు మింగుతాడు, తమ్ముడు మాట మింగుతాడు, తల్లి ఏకంగా జబ్బునే మింగి రోజూ గేటు తీసుకుని లోపలికొచ్చింది. ఈ ఇంట్లో తనకి చెప్పేముందు అందరూ ఒకసారి గొంతు సవరించుకుంటారు, ఆ సవరించుకోవడంలోనే సగం మాటలు పోతాయి.

"ఇంకా ఏమేం దాచారు నా దగ్గర?" అంది.

తల్లి తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు బావ వైపు చూశాడు. బావ మళ్ళీ గడ్డిమోపు వైపు చూశాడు.

పిడుగు కట్టున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళ ముగ్గురికీ ఎదురుగా దాణా బస్తా మీద కూర్చుంది.

"చెప్పండి," అంది. "నేనేమీ అనను."

ఆ మాట ఎవరూ నమ్మలేదు.